బీరువా తాళం, గది తాళం

ఒడిశాలోని మన బరంపురంలో ఇప్పుడు నాలుగు వీధులు తిరిగితే ఒక మాంటిస్సోరి బోర్డయినా కనిపిస్తుంది. గేటు మీద కార్టూన్ బొమ్మలు, లోపల బెంచీలు, బెంచీల మీద మూడేళ్ళ పిల్లలు. అందరూ ఒకే పేజీలో ఒకే అక్షరం ఒకేసారి దిద్దుతుంటారు. ఫీజు మాత్రం మాంటిస్సోరి పేరుకి తగ్గట్టే ఉంటుంది. అక్కణ్ణుంచి గోపాలపురం వైపు పదిహేను కిలోమీటర్లు వెళ్తే సముద్రం ఒడ్డున మన తెలుగు జాలరి వాడలొస్తాయి. ఒడియావాళ్ళు నోలియాలంటారు. అక్కడ మాంటిస్సోరి అంటే పెద్దోళ్ళ పిల్లల బడి. "మనకెందుకు అది? అంగన్‌వాడీ ఉంది కదా" అంటారు.

కథ సరిగ్గా తిరగబడింది. ఈ పద్ధతి పుట్టింది కూలీల పేటలో. మన జాలరి వాడలు కూడా ఇలాంటి గదిని తమ చేతులతోనే నడుపుకోవాలన్నది నా మాట.

రోమ్ నగరంలో శాన్ లొరెంజో అనే పేట ఉంది. అక్కడ కట్టుబడి సగంలో ఆగి మురికివాడలుగా మారిన పెద్ద పెద్ద భవనాలని ఒక గృహనిర్మాణ కంపెనీ తీసుకుని, బాగుచేయించి, కూలీ కుటుంబాలకి అద్దెకిచ్చింది. తల్లీ తండ్రీ పొద్దున్నే పనికి పోయేవాళ్ళు. బడి వయసు రాని పిల్లలు రోజంతా మెట్ల మీద పడి ఆడుతూ కొత్త గోడలు గీకేసేవాళ్ళు. వాళ్ళందరినీ ఒక గదిలో పెట్టి ఒక మనిషిని కాపలా ఉంచితే, గోడలకి మళ్ళీ మళ్ళీ సున్నం వేయించే ఖర్చు మిగులుతుందని కంపెనీ లెక్కేసుకుంది. గది పర్యవేక్షణ మరియా మాంటిస్సోరి అనే డాక్టరుకి అప్పగించింది. ఆవిడ 1870లో పుట్టింది, 1896లో రోమ్ విశ్వవిద్యాలయంలో వైద్యం పాసయింది. బుద్ధి ఎదుగుదల మందగించిన పిల్లలతో అప్పటికే పనిచేసింది. ఇటార్, సెగాన్ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు అలాంటి పిల్లల కోసం తయారుచేసిన పద్ధతుల్ని చదివి, వాడి, మార్చి చూసింది. 1907 జనవరి 6న గది తెరిచారు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు యాభైమంది పైనే చేరారు. వాళ్ళని చూసుకునే మనిషికి టీచరు ట్రైనింగు లేదు. లోకంలో మొదటి మాంటిస్సోరి బడి ఇదే. సున్నం డబ్బులు మిగుల్చుకోవడానికి మొదలైంది!

ఆ గది గురించి మాంటిస్సోరి తనే రాసుకున్న సంగతి ఒకటుంది. పిల్లలు చేత్తో పట్టుకుని నేర్చుకునే సామాన్లన్నీ పొడుగాటి బీరువాలో పెట్టి తాళం వేసేవారు. టీచరు వచ్చి, తీసి, తనే పంచేది. ఒకరోజు బీరువాకి తాళం వేయడం మర్చిపోయింది, మర్నాడు కాస్త ఆలస్యంగా వచ్చింది. చూస్తే బీరువా తలుపు తెరిచి ఉంది. పిల్లలు తమకి కావలసినవి తీసుకుంటున్నారు, కొందరు అప్పటికే తీసుకుపోయి కూర్చున్నారు. టీచరుకి అది దొంగతనంలా కనిపించింది. మాంటిస్సోరికి ఇంకోలా కనిపించింది. ఏ వస్తువు ఎక్కడుంటుందో పిల్లలకి తెలుసు, ఏది కావాలో కూడా తెలుసు. తరవాత ఆ బీరువా పోయి, పిల్లల చేతికందే పొట్టి అరలు వచ్చాయి.

నన్నడిగితే ఈ పద్ధతి మొత్తానికి ఆయువుపట్టు అదే. గులాబీ రంగు దిమ్మలూ, పూసల గొలుసులూ లాంటి సామాన్లన్నీ దాని తరవాతే. ఏ బడి ముందు ఏ బోర్డున్నా, లోపలికెళ్ళి చూడాల్సింది ఒక్కటే: సామాను తీసుకోడానికి పిల్లవాడు ఎవరినైనా అడగాలా, అక్కర్లేదా?

కొంచెం వివరంగా చూద్దాం. మాంటిస్సోరి గదిలో ఒక సామాను ఉంటుంది. పొడుగాటి కర్రదిమ్మకి పది గుంటలు, గుంటకొకటి చొప్పున పది గుండ్రటి కర్రముక్కలు, పట్టుకోవడానికి పైన చిన్న గుబ్బ. మూడేళ్ళ పిల్ల అన్నీ బయటికి తీసి మళ్ళీ గుంటల్లో పెట్టాలి. సన్న ముక్క లావు గుంటలో పెట్టినా పడుతుంది. కానీ చివర్లో ఒక లావు ముక్క మిగిలిపోతుంది, అది ఏ గుంటలోనూ దిగదు. ఎక్కడో తప్పు జరిగిందని దిమ్మే చెప్తుంది. టీచరు "తప్పు" అనక్కర్లేదు. పిల్ల తనే చూసుకుని, తనే తీసి, మళ్ళీ పెడుతుంది. ఒక్కో పిల్ల దీన్ని ఇరవైసార్లు, ముప్ఫైసార్లు చేస్తుంది. పెద్దవాళ్ళకి చూడ్డానికే విసుగొస్తుంది, ఆ పిల్లకి రాదు.

అలాంటివే పది ఘనాలుంటాయి. చిన్నది ఒక సెంటీమీటరు, పెద్దది పది. ఒకదాని మీద ఒకటి పేర్చాలి. పది సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా పది కొలకర్రలు, అంకెల కోసం. గరుకు కాగితంతో కత్తిరించి పలకకి అంటించిన అక్షరాలు. వాటిని చూపుడువేలు, నడిమివేలు కలిపి దిద్దుతూ ఆ ధ్వని పలకాలి. ప్రతి సామానూ గదిలో ఒక్కటే ఉంటుంది. ఎవరైనా వాడుతుంటే ఇంకొకరు ఆగాలి. పొదుపు కోసం అలా పెట్టలేదు, ఆగడం నేర్చుకోడానికి పెట్టారు. బీదపేటకి మాత్రం రెండూ కలిసొస్తాయి.

వీటన్నిటికంటే ముందు ఇంటిపనులుంటాయి. ఒక ముంతలోంచి ఇంకో ముంతలోకి నీళ్ళు ఒలకకుండా వంచడం, పప్పులో రాళ్ళు ఏరడం, గుండీలు పెట్టుకోవడం, ఊడ్చడం, తుడవడం. ఇక్కడే మన వాడల్లో తల్లులు అడ్డం తగులుతారు. "ఊడ్చడం నేర్పడానికి బడెందుకు? ఇంట్లో అది చేస్తున్న పనేగా. నాలుగక్షరాలు నేర్పండి." ఈ మాటని తేలిగ్గా తీసేయకూడదు. ఏసీ ఇంట్లో పెరిగే పిల్లాడికి చీపురు ఆటవస్తువు. గంప మోసే తల్లి కూతురికి అది ఆట కాదు, రేపటి బతుకు. తప్పించుకోవాలనుకుంటున్న బతుకు. అందుకే "ఇది ప్రాక్టికల్ లైఫ్ అమ్మా" అని ఇంగ్లీషులో చెప్తే కుదరదు. ఇంట్లో పని తొందరగా అవ్వాలి, పిల్ల చేతిలోంచి లాక్కుని మనమే చేసేస్తాం. గదిలో ఆ పనికి తొందర ఉండదు. మొదలుపెట్టినదాన్ని ముగించడం, వరస తప్పకుండా చేయడం, వేళ్ళు మాట వినేలా చేసుకోవడం, ఇవే తరవాత పెన్సిలు పట్టుకోడానికి పనికొస్తాయి. ఇంకోటి, ఆ గదిలో మగపిల్లలూ ఊడుస్తారు. కొన్ని ఇళ్ళలో ఇదే పెద్ద గొడవ అవుతుంది. అవ్వనివ్వండి.

మరి ఇది ఖరీదైన చదువెలా అయింది? ఒక కారణం, మాంటిస్సోరి అనే పేరుకి కాపలా లేదు. ఆవిడ 1929లో అంతర్జాతీయ మాంటిస్సోరి సంఘం పెట్టినా, ఆ పేరు ఎవరైనా వాడుకోవచ్చు. అమెరికాలో 1967లో అది అందరికీ చెందిన మామూలు మాటేనని ట్రేడ్‌మార్కుల విభాగం తేల్చింది. మన దగ్గరా బోర్డు రాయించుకోడానికి పెయింటరుకి డబ్బులుంటే చాలు. రెండో కారణం సామాను. మంచి కర్రతో, కచ్చితమైన కొలతతో చేసినవి వేలల్లో ఉంటాయి. వడ్రంగి చేత చేయించుకోవచ్చుగా అంటారు, చేయించుకోవచ్చు. అయితే కొలత తప్పకూడదు. ఘనానికీ ఘనానికీ సెంటీమీటరు తేడా అంటే సెంటీమీటరే. కాస్త అటూ ఇటూ అయితే ఆ సామాను పిల్లవాడితో అబద్ధం చెప్తుంది. పైగా సముద్రపు ఒడ్డున వానాకాలం గాలికి కర్ర ఉబ్బుతుంది. సరైన గుంటలో సరైన ముక్క దిగదు. పిల్ల తనదే తప్పనుకుంటుంది. నా లెక్కలో కర్రదిమ్మలు రెండు మూడు మంచివి కొనుక్కుని, మిగతావి మన దగ్గరున్నవాటితో చేసుకోవడం మేలు. చింతపిక్కలు పదేసి పోగులు, పది పోగులు కలిస్తే వంద. గవ్వలు సైజులవారీగా. వల బెండ్లు దారానికి గుచ్చి పదుల గొలుసులు. చేపల్లో నెత్తళ్ళు ఏవో కవళ్ళు ఏవో కళ్ళు మూసుకుని చేత్తో తడిమి చెప్పగల పిల్లలు వీళ్ళు, వాళ్ళ వేళ్ళకి గ్రేడింగు కొత్త కాదు.

ఈ ఆలోచనా నాది కాదు, మన దేశంలో వందేళ్ళ కిందే వచ్చింది. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం పెట్టి మాంటిస్సోరి పద్ధతిని మన మట్టికి తగ్గట్టు మార్చడం మొదలెట్టారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్ దాన్ని మహారాష్ట్రకి తీసుకెళ్ళారు. 1945లో బోర్డీలో, తరవాత కోస్బాడ్ కొండమీద వార్లీ ఆదివాసుల మధ్య. పిల్లలు బడికి రావట్లేదు. సరే, బడినే వాళ్ళ ఇంటి ముంగిట్లోకి తీసుకెళ్దాం అన్నారు. ముంగిలిని అక్కడ అంగణ్ అంటారు. ఆకులు, రాళ్ళు, గింజలు, అవే సామాను. శిష్యురాలు అనుతాయి వాఘ్ జీవితమంతా ఆ పనిలోనే గడిపారు. ప్రభుత్వం అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం ప్రారంభించింది 1975 అక్టోబరు 2న, 33 బ్లాకుల్లో. అంగన్‌వాడీ అనే మాట దానికి ముందే కోస్బాడ్‌లో ఉంది. అంటే మన వాడలో "మాంటిస్సోరి ఎందుకు, అంగన్‌వాడీ ఉంది కదా" అంటున్నవాళ్ళకి తెలియని సంగతేంటంటే, ఈ రెండూ ఒకే ఇంటి ఆడపడుచులు. ఒకరు సంపన్నుల ఇంటికి కోడలుగా వెళ్ళారు, ఒకరు రేషను గదిలో చిక్కుకున్నారు.

మాంటిస్సోరి కూడా మన దేశానికి వచ్చింది. థియొసాఫికల్ సొసైటీ పిలుపు మీద 1939లో మద్రాసు అడయారుకి. మూడు నెలల కోర్సు చెప్పి వెళ్ళిపోదామనుకుంటే యుద్ధం వచ్చింది, ఇటలీ బ్రిటన్‌కి శత్రువైంది, కొడుకు మారియోని కొన్నాళ్ళు నిర్బంధించారు. 1946 దాకా ఇక్కడే ఉండిపోయి, మధ్యలో కొడైకెనాల్‌లో గడిపి, వెయ్యిమందికి పైగా టీచర్లకి శిక్షణ ఇచ్చింది. మన గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరేదాకా మద్రాసు ప్రెసిడెన్సీయే. నాలుగేళ్ళు ముందు వచ్చి ఉంటే ఆవిడ మన రాజధానికే వచ్చినట్టయ్యేది. సరే, అది పక్కదారి.

ఇప్పుడు మన వాడల్లో ఇలాంటి గది నడపడంలో ఉన్న అసలు చిక్కులకి వద్దాం.

మొదటిది వేళ. మగవాళ్ళు తెల్లారకముందే వేటకెళ్తారు. పడవలు ఒడ్డుకి చేరే వేళకి ఆడవాళ్ళు ఇసకలో నిలబడి ఉండాలి. చేపల వేలంపాట అయిపోగానే గంప నెత్తిన పెట్టుకుని ఆటో ఎక్కి బరంపురం బజారుకి పోవాలి. పిల్లవాడిని ఎవరైనా చూసుకోవాల్సింది పొద్దున ఐదింటి నుంచి. అంగన్‌వాడీ తెరిచేది ఆ పాట ముగిసిన తరవాత, మూసేది తల్లి బజారులో ఉండగానే. మధ్యలో ఆ పిల్లవాడు ఎవరి చేతిలో ఉంటాడు? ఎనిమిదేళ్ళ అక్క చేతిలో. ఆ అక్క బడి మానేస్తుంది. అంటే చిన్నవాడి గది వేళ తప్పితే, పెద్దపిల్ల చదువు పోతుంది. శాన్ లొరెంజోలో గది అదే భవనంలో ఉండటం, పనివేళలకి తెరిచి ఉండటం ఎంత తెలివైన ఏర్పాటో ఇక్కడ నిలబడి చూస్తే అర్థమవుతుంది. బయటినుంచి వచ్చే ఏ సంస్థ అయినా తొమ్మిదింటికి తెరిచి నాలుగింటికి మూస్తుంది. ఎందుకంటే దాని టీచరు బస్సు దిగి రావాలి. వాడ మనిషే టీచరైతే ఐదున్నరకి తలుపు తీయగలదు. పిల్లల చదువుని వాడ తన చేతుల్లోకి తీసుకోవాలని నేననడానికి సిద్ధాంతం కారణం కాదు, ముందు ఈ గడియారమే కారణం.

రెండోది భాష. దీని మీద కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి, ఎందుకంటే సరిహద్దు జిల్లాల్లో అసలు ముడి ఇదే.

ఇంట్లో తెలుగు, అంగన్‌వాడీలో ఒడియా, బోర్డు బడిలో ఇంగ్లీషు. మూడేళ్ళ పిల్లకి మూడు. ఒడిశా ప్రభుత్వం మాతృభాషలో చదువు మీద చేసిన కృషి చాలామటుకు ఆదివాసీ భాషల కోసం. అది కావలసిందే. కానీ తెలుగు ఆదివాసీ భాష కాదు, ఇక్కడ అధికార భాషా కాదు, మధ్యలో జారిపోయింది. రాజ్యాంగంలో 350-ఏ అధికరణం ఉంది, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందేలా చూడమంటుంది. ఆరేళ్ళలోపు పిల్లల సంగతి అది చెప్పదు. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ అంది, ఇంటి భాషలో మొదలుపెట్టమంది. కాగితం మీద మన వాదనకి బలం ఉంది. గదిలో తెలుగు మాట్లాడే పెద్దమనిషి ఉంటే చాలు.

మాంటిస్సోరి పద్ధతికి తెలుగు భలే అతుకుతుంది ఒక విషయంలో. ఆవిడ అక్షరం పేరు కాదు, ధ్వని నేర్పమంది. ఇంగ్లీషులో ఇది పెద్ద తిప్పలు, అక్షరం పేరొకటి పలికేదొకటి. మనకి 'మ' పేరూ 'మ'నే. ఇంకో విషయంలో మాత్రం మొండికేస్తుంది. విడి అక్షరాలు పేర్చి మాటలు కట్టడం ఈ పద్ధతిలో రాయడానికి ముందు మెట్టు. ఇటాలియన్‌లో ఇరవై చిల్లర అక్షరాలు కత్తిరిస్తే సరిపోతుంది. మనకి 36 హల్లులు, పన్నెండు గుణింతాలు అనుకుంటే 432 ముక్కలు, ఒత్తులు వేరే. అది పెట్టె కాదు, బస్తా. తలకట్టు లేకుండా హల్లులు ఒక రంగులో, తలకట్టూ గుడీ కొమ్మూ లాంటి గుర్తులు ఇంకో రంగులో కత్తిరించుకుంటే చాలా తగ్గుతుంది. పిల్ల హల్లు పెట్టి పైన గుర్తు అతికిస్తుంది, 'క'కి గుడి పెడితే 'కి' అయిందని కళ్ళారా చూస్తుంది. జ, ట, బ, ల లాంటివాటికి అసలు తలకట్టే లేదు, వాటి దగ్గర కాస్త తడబడతారు. ఆ తడబాటు మంచిదే, అక్షరాన్ని పరకాయించి చూడటం అక్కడే మొదలవుతుంది.

ఒడియా లిపీ మనలాగే గుండ్రం. వరసా అదే, కఖగఘ. తల్లులు "రెండూ ఒకటే కదా, కలిపి నేర్పేయండి" అంటారు. చెవికి ఒకటి కాదు. ఒడియా 'క' మన చెవికి 'కొ'కి దగ్గరగా పడుతుంది. ఇల్లు అనే మాట 'ఘొరొ' అని, చేప 'మాఛొ' అని వినిపిస్తుంది. మనకి ఎ, ఏ వేరు, ఒ, ఓ వేరు. ఒడియాలో ఆ తేడా లేదు. మూడున్నరేళ్ళ పిల్లకి రెండు గరుకు పలకలు పక్కపక్కన పెట్టి రెండూ 'క' అంటే చెవి ఒకటి చెప్తుంది, టీచరు ఇంకోటి చెప్తుంది. అందుకే మాటలో రెండు భాషలూ మొదటి రోజు నుంచి ఉండొచ్చు, ఉండాలి కూడా. లిపి మాత్రం ముందు ఒకటి, అది కుదురుకున్నాక రెండోది. మాటలకి సెగాన్ దగ్గర్నుంచి వచ్చిన మూడు మెట్ల పాఠం ఉంది: "ఇది చేప." తరవాత "చేప ఏది?" చివరికి "ఇదేంటి?" మూడో ప్రశ్నకి తొందరపడకూడదు, రెండో మెట్టు మీద ఎన్నిరోజులైనా ఆడుకోవచ్చు. తెలుగులో మూడు మెట్లూ ఎక్కాక అదే చేప పట్టుకుని ఒడియాలో మళ్ళీ మొదటి మెట్టు. ఒక మనిషి నోటినుంచి ఒకే భాష రావడం మేలని నా ఉద్దేశం. అంగన్‌వాడీ దీదీ ఒడియాలో మాట్లాడాలి, అక్క తెలుగులో.

ఆ "అక్క" ఎవరు? ఇక్కడికొస్తే మూడో చిక్కు, డబ్బు.

చాలామంది సామానుకి డబ్బు పోగుచేస్తారు. ఫొటో బాగుంటుంది. సామాను ఒక్కసారి ఖర్చు. నిలబడనిది నెల నెలా జీతం. ముప్ఫైమంది పిల్లలు, ఇంటికి వంద రూపాయలు వేసుకుంటే మూడు వేలు. మూడు వేలకి ఏ మనిషి పొద్దున ఐదున్నరకి తలుపు తీస్తుంది? అంగన్‌వాడీ కార్యకర్తకి కేంద్రం ఖాయం చేసిన గౌరవవేతనమే 2018 నుంచి నెలకి 4,500, రాష్ట్రాలు దాని మీద తమది కలుపుతాయి. ఆ వందయినా ఏడాది పొడుగునా రాదు. ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఇరవై కిలోమీటర్ల మేర వేట బంద్. మర బోట్లకి తూర్పుతీరం అంతటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేరే బంద్. ఆ నెలల్లో మగవాళ్ళు చెన్నై, కేరళ బోట్ల మీదకి పోతారు. ఇంట్లో చీటీలు, అప్పులు, టెన్షన్. కాబట్టి నెలవారీ ఫీజు అనే ఆలోచనే ఈ వాడకి సరిపడదు. వేట ఉన్నప్పుడు పాటలోంచి వాటా తీయడం సరిపడుతుంది. పడవకింత, వలకింత, మనిషికింత అని పంచుకోవడం, అమ్మవారి పండక్కి ఇంత అని పక్కన పెట్టడం జాలరివాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ పక్కన గదికి ఒక వాటా. దొరికిన నాలుగైదు నెలల్లోనే పన్నెండు నెలల జీతం కూడాలి, అది మాత్రం కఠినమైన లెక్క.

అందుకే విడిగా బడి పెట్టాలనే పట్టుదల నాకు నచ్చదు. మొదటి కారణం గుడ్డు. అంగన్‌వాడీలో వేడి అన్నం, గుడ్డు, ఇంటికి ఛతువా అనే పోషకాహార పిండి, టీకాలు వస్తాయి. ఎంత మంచి కర్రదిమ్మ అయినా ఆకలి తీర్చదు. పిల్లవాడిని అక్కణ్ణుంచి పీకి మన గదిలో పెడితే మనం వాడికి నష్టమే చేశాం. రెండో కారణం, అంగన్‌వాడీలో లేనిది ఏమిటో ఇప్పటికే తేలింది. తమిళనాడులో అంగన్‌వాడీలకి రోజులో సగం పూట పనిచేసే ఒక అదనపు మనిషిని ఇచ్చి పరిశోధకులు పోల్చి చూశారు. చదువుకి దొరికే సమయం రెట్టింపయింది, పిల్లల లెక్కలూ భాషా మెరుగుపడ్డాయి, ఎదుగుదల లోపం కూడా తగ్గింది. ఒక్క మనిషి రిజిస్టర్లు రాసి, ఫోనులో వివరాలెక్కించి, వంట చూసుకుని, గర్భిణుల ఇళ్ళు తిరిగొచ్చాక చదువుకి మిగిలేది ఎంత?

కాబట్టి వాడ డబ్బు పెట్టాల్సింది ఆ రెండో మనిషి మీద. తెలుగు మాట్లాడే, వాడలోనే ఉండే, పదో తరగతి చదివి ఇంట్లో ఉన్న అమ్మాయి. పొద్దున ఐదున్నర నుంచి దీదీ వచ్చేదాకా తనే, దీదీ వచ్చాక ఇద్దరూ. భాష చిక్కూ వేళ చిక్కూ ఒకే జీతంతో తీరతాయి. అంతర్జాతీయ డిప్లొమా ఏడాది కోర్సు, ఆ ఫీజు మన వాడలో ఎవరూ కట్టలేరు. కానీ మొదటి గదిలో ఉన్న మనిషికీ డిప్లొమా లేదని మర్చిపోవద్దు. మాంటిస్సోరి ఆమెకి చెప్పిన ముఖ్యమైన పని చూడటం, అడ్డు రాకపోవడం. అది సులువని కాదు. మన దగ్గర పిల్లవాడు తడబడితే చేయి చాచకుండా ఉండటం పెద్దవాళ్ళకి చాలా కష్టం.

వయసులవారీగా గదులు విడదీయకపోవడం ఇక్కడ కలిసొస్తుంది. మూడు, నాలుగు, ఐదేళ్ళవాళ్ళు ఒకే గదిలో ఉంటే పెద్దపిల్ల చిన్నపిల్లకి చూపిస్తుంది. ముప్ఫైమందికి ఇద్దరు సరిపోతారు. అమెరికాలో ప్రభుత్వ మాంటిస్సోరి బడుల్లో సీట్లకి లాటరీ తీస్తారు. లాటరీలో గెలిచినవాళ్ళనీ ఓడినవాళ్ళనీ పోల్చిన అధ్యయనాలున్నాయి. 2006లో మిల్వాకీ నగరం పిల్లల మీద వచ్చినదాంట్లో ఐదేళ్ళవాళ్ళు చదవడంలో, లెక్కల్లో, తోటివాళ్ళతో మెలగడంలో ముందున్నారు. 2025లో 24 బడుల పిల్లల మీద వచ్చినదాంట్లో ఫలితాలు మెరుగ్గా ఉండటమే కాదు, ఖర్చూ తక్కువని తేలింది, ఎందుకంటే ఒక టీచరుకి ఎక్కువమంది పిల్లలు. మన దగ్గర ఎలాగూ ఒక మనిషికి ముప్ఫైమంది ఉన్నారు కాబట్టి ఆ పొదుపు మనకి మిగలదు. కానీ ముప్ఫైమందితో కూడా పద్ధతి నడుస్తుందనే ధైర్యం మిగులుతుంది.

అసలు వాడకి అంగన్‌వాడీయే లేకపోతే? 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఉంది. ఆరేళ్ళలోపు పిల్లలు నలభైమంది ఉండి కేంద్రం లేని పల్లె అయినా, మురికివాడ అయినా అడగొచ్చు. అడిగిన మూడు నెలల్లో ఇవ్వాలి. నలభైమంది పేర్లు రాయడం ఒక పూట పని. ఊళ్ళో బస్తీలకైతే ఒడిశా ప్రభుత్వ బస్తీల పథకం జాగా మిషన్ కింద కట్టిన పరిచయ్ కేంద్రాలున్నాయి, బస్తీవాళ్ళ సంఘం చేతిలో ఉండే గది. పొద్దున పూట చాలాచోట్ల ఖాళీ.

ఇక గది తాళం. శాన్ లొరెంజో గది తల్లిదండ్రుల ఉమ్మడి సొత్తని మాంటిస్సోరి మాటల్లో అంది. నిజానికి నియమాలు పెట్టింది కంపెనీ: పిల్లల్ని శుభ్రంగా పంపాలి, తల్లి వారానికోసారి వచ్చి టీచరుతో మాట్లాడాలి, లేదంటే పిల్లని తీసేస్తారు. కొన్నేళ్ళకే కంపెనీ ఇంజినీరుకీ ఆవిడకీ చెడింది. తను ప్రపంచానికి చూపించిన ఆ గదులకే ఆవిడ దూరమయింది. బీరువా తాళం పిల్లలకి దక్కింది కానీ గది తాళం కంపెనీ దగ్గరే ఉండిపోయింది.

మన వాడల్లో ఆ తాళానికి పోటీపడేవాళ్ళు ముగ్గురు. ఫండింగు తెచ్చిన సంస్థ, మూడేళ్ళ ప్రాజెక్టు అయ్యాక సామాను వ్యానులో ఎక్కించుకుని పోతుంది. నేనొక చోట చూశాను, గోడ మీద పిల్లల ఎత్తులు కొలిచిన గీతలు మాత్రం మిగిలాయి. రెండోది కుల పెద్దలు. పాటలోంచి వాటా తీయించగలిగేది వాళ్ళే, వాళ్ళు లేకుండా డబ్బు రాదు. కానీ అందరూ మగవాళ్ళే. గదిలో పండక్కి మైకుసెట్టు పెట్టేస్తారు, ఎవరి మేనకోడలికి ఉద్యోగమివ్వాలో తేలుస్తారు. మూడోది తల్లుల పొదుపు సంఘం. ఒడిశాలో ఛతువా చేసి ఇచ్చేది ఇలాంటి సంఘాలే, లెక్కలు రాయడం, బ్యాంకుకెళ్ళడం వాళ్ళకి వచ్చు. నా ఓటు వీళ్ళకి. వాటా తీయడం పెద్దల పని, జీతం ఇవ్వడం, మనిషిని పెట్టడం, తీయడం సంఘం పని, తాళం సంఘంలో ఒకామె కొంగున. ఇది ముందే పదిమందిలో కూర్చుని మాట్లాడుకోవాలి, గది బాగా నడిచాక మాట్లాడుకుంటే గొడవలే.

చివరగా ఒక చిన్న సంగతి, ఎవరూ ముందు ఆలోచించరు. ఆరేళ్ళొచ్చాక ఈ పిల్ల ఒకటో తరగతికి వెళ్తుంది. అక్కడ బెంచీ, పలక, "కదలకు". మూడేళ్ళు తనే లేచి తెచ్చుకుని, తనే తిరిగి పెట్టిన పిల్ల అక్కడా లేచి అల్మారా దగ్గరికి నడుస్తుంది. వారం తిరక్కుండా ఇంటికి ఫిర్యాదు వస్తుంది, కుదురుగా కూర్చోదని. తల్లి భయపడి "ఆ గది పాడుచేసింది నా పిల్లని" అంటుంది. వేసవి సెలవులకి ముందే సంఘం నుంచి ఇద్దరు వెళ్ళి ఆ ఒకటో తరగతి టీచరుని పిలుచుకురావాలి. గదిలో ఒక మూల స్టూలు వేసి, టీ ఇచ్చి, ఒక పూట కూర్చోబెట్టాలి.

సెలవులు మొదలయ్యాక పిలిస్తే ఆవిడ ఊళ్ళో ఉండదు.